కొండ మీదికి కాదు, లోయలోకి: అమ్మతో ఒక స్విస్ తీర్థయాత్ర బాట

స్విట్జర్లాండ్‌కి వచ్చిన అమ్మానాన్నల్ని మనవాళ్ళు తిప్పే చోట్లు దాదాపు ఒకటే. టిట్లిస్, యుంగ్‌ఫ్రౌ, రైన్ జలపాతం. కేబుల్ కార్‌లో పైకి వెళ్ళడం, మంచులో ఫోటో దిగడం, చలికి వణుకుతూ కిందికి రావడం. మా అమ్మకి టిట్లిస్ మీద కాసేపు తల తిరిగినట్టయింది. ఏమీ అనలేదు గానీ ఇంటికొచ్చాక చెప్పేసింది: "ఇంకెక్కడికైనా తీసుకెళ్తే నడిచి వెళ్ళేదిగా చూడవే. ఆ డబ్బాలో వేలాడటం నావల్ల కాదు."

అమ్మ తెనాలిలో రోజూ పొద్దున్నే నడిచే మనిషి. నడక అలవాటే గానీ కుడి మోకాలు మాట వినదు. నాక్కావలసింది నిటారు ఎక్కుళ్ళు లేని దారి. మధ్యలో ఎక్కడ వద్దనిపించినా బస్సు దొరకాలి. నీడ ఉండాలి. చివర్లో ఆవిడ చేతులు జోడించడానికి ఏదో ఒకటి ఉండాలి, లేకపోతే "ఇంత దూరం దేనికి నడిచాం?" అంటుంది. ఇవన్నీ ఉన్న దారి లూసర్న్‌కి దక్షిణాన దొరికింది. ష్టాన్స్ అనే ఊరి దగ్గర మొదలై, అడవిలోంచీ పచ్చికల్లోంచీ సాగి, ఫ్లూయెలి అనే చిన్న పల్లె కింద ఉన్న రాన్ఫ్ట్ లోయలోకి దిగుతుంది. అక్కణ్ణుంచి సాక్సెల్న్ దాకా వెళ్ళొచ్చు. స్పెయిన్‌లోని సాంతియాగోకి పోయే పాత యాత్రికుల బాటలో ఇదొక ముక్క. స్విట్జర్లాండ్‌ని ఈ చివర కాన్‌స్టాన్స్ సరస్సు వైపు నుంచి ఆ చివర జెనీవా దాకా దాటే ఆ బాటని ఇక్కడ 4వ నంబరు దారి అంటారు. కానీ ఈ ముక్క మీద నడిచేవాళ్ళలో చాలామందికి సాంతియాగోతో పనుండదు. వాళ్ళు వచ్చేది బ్రూడర్ క్లౌస్ కోసం.

బ్రూడర్ అంటే సోదరుడు. అసలు పేరు నిక్లౌస్ ఫోన్ ఫ్లూయె. 1417లో ఫ్లూయెలిలో పుట్టిన రైతు. యుద్ధాలకి వెళ్ళాడు, ఊరి పెద్దగా, న్యాయమూర్తిగా పనిచేశాడు. యాభయ్యో ఏట అన్నీ వదిలేసి సన్యాసి అయ్యాడు. ఇప్పుడు ఆయన స్విట్జర్లాండ్‌ని కాపాడే సెయింట్, అంటే పేట్రన్ సెయింట్. ఆ బిరుదు కాథలిక్ చర్చి 1947లో గానీ ఇవ్వలేదు, అంటే పోయిన 460 ఏళ్ళకి. జనం మాత్రం ఆయన బతికుండగానే దర్శనానికి వెళ్ళడం మొదలుపెట్టారు.

ఇదంతా రైల్లో అమ్మకి చెబుతుంటే కిటికీలోంచి బయటికి చూస్తూ వింది. లూసర్న్ నుంచి ష్టాన్స్‌కి రైల్లో ఎంతోసేపు పట్టదు, కథ పూర్తికాకుండానే దిగాల్సి వచ్చింది.

ష్టాన్స్ స్టేషన్ దగ్గరే పసుపు బోర్డులు కనిపిస్తాయి. ఇక్కడ కాలిబాటల బోర్డులు చాలావరకు పసుపే. మామూలు బాట అయితే చెట్ల మీద, స్తంభాల మీద పసుపు డైమండ్ గుర్తు ఉంటుంది. కష్టమైన కొండ బాటకి తెలుపు-ఎరుపు-తెలుపు పట్టీలు. పెద్దవాళ్ళతో వెళ్ళేవాళ్ళు ఈ ఒక్క తేడా గుర్తుపెట్టుకుంటే సగం టెన్షన్ పోతుంది. ఈ పద్ధతికి మూలం యోహాన్ యాకోబ్ ఎస్ అనే బడిపంతులు. కొండ రోడ్ల మీద కార్లు పెరిగి నడిచేవాళ్ళకి చోటు లేకుండా పోతోందని 1934లో ఒక సంఘం పెట్టించి, దేశమంతా ఒకే రకం గుర్తులు ఉండాలని పట్టుబట్టాడు. ఇవాళ అలాంటి బాటలు 65 వేల కిలోమీటర్ల పైనే ఉన్నాయి.

అమ్మకి వచ్చిన మొదటి అనుమానం: "కిలోమీటర్లు రాయలేదేం?" నిజమే, బోర్డు మీద దూరం ఉండదు, గంటలు, నిమిషాలే ఉంటాయి. చదును నేల మీద గంటకి 4.2 కిలోమీటర్ల నడక, ఎక్కుళ్ళకీ దిగుళ్ళకీ అదనం, ఆగడాలు లెక్కలోకి రావు. ఫ్లూయెలికి నాలుగు గంటల పైచిలుకు అని ఉంటే మన పెద్దవాళ్ళకి ఆరు గంటలని అనుకోవాలి. పైగా మా అమ్మ దారిలో కనిపించిన ప్రతి పెరడూ చూసి, కట్టెలు ఎలా పేర్చారో మెచ్చుకుని, బెండకాయలు ఎందుకు వేయరని అడిగి గానీ కదలదు. అందుకని ముందే అనుకున్నాను: కెర్న్స్ దాకా నడుద్దాం, అక్కణ్ణుంచి కొంత దూరం బస్సు, చివరి భాగం మళ్ళీ నడక. యాత్ర అంటే మొత్తం నడవాలనేవాళ్ళు ఉంటారు. వాళ్ళ మోకాళ్ళు వాళ్ళవి.

ఊరు దాటాక కాసేపు తారు రోడ్డు, ఆ తర్వాత పచ్చిక మధ్యలో సన్నటి బాట. జూన్ నెల కావడంతో గడ్డి కోతలు జరుగుతున్నాయి. ఒక పొలంలో నేల ఎంత వాలుగా ఉందంటే, కోసే మిషన్ని ఒకాయన వెనక నుంచి పట్టుకుని అడ్డంగా నడిపిస్తున్నాడు. ఎదురైన ప్రతివాళ్ళూ "గ్రూయెట్సీ" అంటారు. నగరంలో లిఫ్ట్‌లో పక్కనే నిలబడ్డా పలకని మనుషులు బాట మీద మాత్రం పలకరించకుండా పోరు. అమ్మ మొదట తలూపింది. తర్వాత్తర్వాత తనే ముందు "నమస్తే" అనడం మొదలుపెట్టింది. ఎవరూ వింతగా చూడలేదు.

ఆవుల దగ్గర మాత్రం చిన్న గొడవైంది. బాట సరాసరి మేతబీడులోంచి పోతుంది. గేటు తీసి లోపలికి వెళ్ళి, మళ్ళీ వేసెయ్యాలి. కొన్నిచోట్ల గేటు బదులు కరెంటు తీగ ఉంటుంది. ప్లాస్టిక్ పిడి పట్టుకుని కొక్కెం విప్పి, దాటాక తిరిగి తగిలించాలి. గంట కట్టిన ఆవు, పక్కన దూడ. అమ్మ కొంగు సర్దుకుని ముట్టుకుని దణ్ణం పెట్టుకుందామని బయల్దేరింది. గేటు మీద బోర్డే ఉంది: తల్లి ఆవులు దూడల్ని కాచుకుంటాయి, దూరంగా ఉండండి, దూడల్ని అస్సలు ముట్టుకోవద్దు అని. చేయి పట్టుకుని ఆపాను. "ఆవు పొడుస్తుందా ఎక్కడైనా? ఏం దేశమే ఇది!" అని, దూరం నుంచే దణ్ణం పెట్టింది. ఇక్కడ ఆవుల వల్ల నడిచేవాళ్ళు గాయపడటం నిజంగా జరుగుతుంది, కాబట్టి ఈ విషయంలో మొహమాటపడొద్దు.

తర్వాత వచ్చేది కెర్న్‌వాల్డ్ అడవి. ఈ రెండు చిన్న రాష్ట్రాలకి హద్దు ఈ అడవే. దానికి దిగువన నిడ్వాల్డెన్, ఎగువన ఓబ్వాల్డెన్. లోపలికి వెళ్ళగానే ఎండ ఆగిపోతుంది. స్ప్రూస్, బీచ్ చెట్లు, వాటి మధ్య నాచు పట్టిన బండలు. కొన్ని బండల మీదే మొక్కలు మొలిచి, వేళ్ళు రాయిని చుట్టుకుని నేలలోకి దిగాయి. ముందురోజు వాన పడటంతో బాట మీద గుల్ల లేని నత్తలు వచ్చాయి. ఇటుకరాయి రంగువి కొన్ని, నల్లవి కొన్ని, వేలెడంత పొడుగు. ఒకటి రాలిన ఆకు అంచుని కొరుకుతోంది. అమ్మ కర్ర ఆనించి వంగి చాలాసేపు చూసింది. ఆ తర్వాత అడవి దాటేదాకా కింద చూసుకుంటూ, ఒక్కదాన్నీ తొక్కకుండా నడిచింది. నేలంతా ఆకులూ స్ప్రూస్ సూదులూ పరుచుకుని మెత్తగా ఉండటంతో మోకాలు కూడా పేచీ పెట్టలేదు.

దారి పక్కన అక్కడక్కడా చిన్న గూళ్ళు కనిపిస్తాయి. లోపల మేరీమాత బొమ్మ, ముందు ఎర్రగాజు బుడ్డిలో దీపం, ఒక డబ్బాలో పూలు. ఒకచోట ఆ పూలకి ఎవరో నీళ్ళు పోసి వెళ్ళినట్టుంది, మట్టి ఇంకా తడిగా ఉంది. చుట్టుపక్కల ఇల్లన్నదే కనిపించలేదు.

ఇక్కడ నడుస్తున్నప్పుడే అమ్మకి హైమో ఆమ్ గ్రుంట్ కథ చెప్పాను. 1481 డిసెంబరు. బర్గండీ డ్యూక్ మీద యుద్ధంలో గెలిచిన స్విస్ రాష్ట్రాలు ష్టాన్స్‌లో సమావేశమయ్యాయి. పట్నాలకీ పల్లె రాష్ట్రాలకీ పడలేదు. ఫ్రైబూర్గ్, సోలోటూర్న్ పట్నాల్ని కూటమిలో చేర్చుకోవాలా వద్దా అనేదే పెద్ద తగాదా. మాటలు తెగి, అంతర్యుద్ధం తప్పదనుకుని అందరూ ఇళ్ళకి బయల్దేరే పరిస్థితి. ష్టాన్స్ చర్చి ఫాదరీ హైమో ఆ రాత్రికి రాత్రే రాన్ఫ్ట్‌కి వెళ్ళి, క్లౌస్‌ని సలహా అడిగి, తెల్లారేసరికి తిరిగొచ్చాడు. చెమటలు కక్కుతూ సత్రాల వెంట పరిగెత్తి, వెళ్ళిపోతున్నవాళ్ళని కాళ్ళావేళ్ళా పడి ఆపాడట. కాసేపట్లోనే ఒప్పందం కుదిరింది. ఆ రెండు పట్నాలూ చేరి ఎనిమిది రాష్ట్రాల కూటమి పది అయింది. క్లౌస్ ష్టాన్స్‌కి రాలేదు. ఆయన ఏం చెప్పి పంపాడో ఎక్కడా రాసి లేదు.

"ఈ దారేనా?" అంది అమ్మ.

అంగుళం అంగుళం ఇదే అని చెప్పలేం గానీ, ఇటే. డిసెంబరులో, చీకట్లో, పోనూ రానూ. అమ్మ అడవిని ఒకసారి అటూ ఇటూ చూసింది. "దేశం కోసమే అయినా పాపం ఆ ఫాదరీకి కాళ్ళు ఏమై ఉంటాయో" అంది. క్లౌస్ మీద గౌరవం తర్వాత మొదలైంది, ముందు హైమో మీద జాలి కలిగింది.

అడవి అంచున ఒక బెంచీ. ఎదురుగా కొండలు, కింద ఎర్ర పెంకుల ఇళ్ళు. పులిహోర, పెరుగన్నం, మాగాయ బయటికి తీశాం. పక్కనుంచి వెళ్తున్న ముసలి జంట "ఎన్ గ్వెటె" అన్నారు, కడుపారా తినండని. ఆవిడ డబ్బాలోకి తొంగిచూసి మాగాయ వైపు వేలు చూపింది. అమ్మ రెండో ఆలోచన లేకుండా చిన్న ముక్క చెంచాతో ఇచ్చేసింది. ఆవిడ నోట్లో వేసుకుంది. కళ్ళల్లో నీళ్ళు తిరిగినా ఆఖరుదాకా నమిలి మింగింది. వాళ్ళాయన మాత్రం చేతులు అడ్డం పెట్టుకుని రెండడుగులు వెనక్కి వేశాడు.

కెర్న్స్‌లో పసుపు పోస్టు బస్సు ఎక్కి సెయింట్ నిక్లౌసెన్‌లో దిగాం. కెర్న్స్ నుంచి ఫ్లూయెలికి హోహె బ్రూకె మీదుగా ఇంకో దారి ఉంది. పైకప్పు ఉన్న చెక్క వంతెన, 1943లో కట్టారు, కింద మెల్‌హా నది లోయ దాదాపు 100 మీటర్ల లోతు. వేలాడే డబ్బాలు వద్దన్న మనిషిని అటు తీసుకెళ్ళే ధైర్యం నాకు లేకపోయింది. సెయింట్ నిక్లౌసెన్ దారే మేలు కూడా, ఎందుకంటే అక్కణ్ణుంచి దిగుతూ రాన్ఫ్ట్‌ని చేరతాం.

ఊరికి పైన పాత చాపెల్, అంటే చిన్న ప్రార్థనాలయం, దానికి అంటకుండా కాస్త ఎడంగా నిలబడ్డ రాతి గోపురం. లోపల గోడల మీద 14వ శతాబ్దపు బొమ్మలు, రంగు వెలిసి గీతలే మిగిలినవి కొన్ని. అక్కణ్ణుంచి బాట దిగుడు. ముందు మ్యోస్లి అనే చోట ఇంకో చిన్న చాపెల్ వస్తుంది. క్లౌస్ పేరు విని వచ్చి ఆయనకి దగ్గర్లో ఉండిపోయిన ఉల్రిక్ అనే సాధకుడి చోటు అది. ఆ తర్వాత దిగుడు ఇంకా నిటారవుతుంది. ఈ దారి మొత్తంలో మోకాళ్ళకి కష్టమైన భాగం ఇదొక్కటే. రెండు చేతికర్రలూ ఉండాలి, అడ్డంగా అడుగులేస్తూ దిగాలి. నీళ్ళ చప్పుడు ముందు వినిపిస్తుంది, నది తర్వాత కనిపిస్తుంది.

"దేవుణ్ణి చూడ్డానికి దిగడమేమిటే?" అంది అమ్మ. అలిపిరి నుంచి 3,550 మెట్లు ఎక్కిన మనిషి. మనకి కొండంటే ఎక్కాలి, చివరి మెట్టు దాకా మోకాళ్ళు పట్టుకుని ఎక్కితేనే మొక్కు తీరినట్టు. ఇక్కడ తిరగేసి ఉంది. రాన్ఫ్ట్ లోయ అడుగున ఉంది, చుట్టూ అడవి పైకి లేచి ఉంటుంది, ఆకాశం తక్కువ కనిపిస్తుంది.

వంతెన దాటితే నది ఒడ్డున కింది చాపెల్, 1501 నాటిది. కాస్త పైన ఇంకో చాపెల్, దానికి ఆనుకుని చెక్కతో కట్టిన గది. క్లౌస్ కోసం ఊరివాళ్ళు 1468లో కట్టి ఇచ్చింది ఇదే. తలవంచి వెళ్ళాలి, లోపల నేను కూడా నిటారుగా నిలబడలేకపోయాను. ఆయనేమో పొడగరి అంటారు. పడుకోడానికి పలక, తలకింద రాయి. చిన్న కిటికీలు. ఒకటి చాపెల్‌లోకి తెరుచుకుంటుంది, ప్రార్థన చూడ్డానికి. ఇంకోదాంట్లోంచి జనంతో మాట్లాడేవాడు. ఇరవై ఏళ్ళు ఇక్కడే ఉన్నాడు, అన్నం ముట్టలేదని చెబుతారు. నిజమా కాదా తేల్చడానికి అధికారులు లోయ చుట్టూ కాపలా పెట్టించారట. కాన్‌స్టాన్స్ నుంచి వచ్చిన సహాయ బిషప్ కూడా పరీక్ష పెట్టాడు. నాకు ఆ ఉపవాసం సంగతి పెద్దగా పట్టలేదు. అమ్మకీ పట్టలేదు. ఆవిడ బయట గట్టు మీద కూర్చుని, రైల్లో సగంలో ఆపిన కథ అందుకుంది.

"పెళ్ళాం పిల్లలు లేరా?"

ఉన్నారు. భార్య డొరొతేయా, పదిమంది పిల్లలు, ఐదుగురు కొడుకులు, ఐదుగురు కూతుళ్ళు. పెద్దవాడికి ఇరవై. ఆఖరివాడు పుట్టింది 1467 జూన్‌లో. ఆయన ఇల్లు వదిలింది అదే ఏడు అక్టోబరు 16న.

అమ్మ వేళ్ళ మీద లెక్కపెట్టింది. "నాలుగు నెలల పసిగుడ్డా! ఒప్పుకుందా ఆవిడ?"

ఒప్పుకుందనే చెబుతారు. ఆవిడా పెద్ద పిల్లలూ సరేనన్నాకే వెళ్ళాడు, అర్ధరాత్రి చెప్పకుండా పోయిన బాపతు కాదు. దూరంగా ఆల్జాస్ వైపు పోదామని బయల్దేరాడు. బాసెల్‌కి దగ్గర్లోని లీస్టాల్ దాకా వెళ్ళేసరికి ఆ ఊరంతా ఎర్రగా మంటల్లో ఉన్నట్టు కనిపించిందట. ఒక రైతు కూడా నీ ఊరికి పొమ్మన్నాడు. వెనక్కి తిరిగాడు. కొన్నాళ్ళు పైన మేతబీళ్ళలో ఉండి, ఆఖరికి ఇక్కడ, సొంత ఇంటికి కిందనే ఉన్న ఈ లోయలో స్థిరపడ్డాడు.

"కిందనే అంటే?"

పైకి చూపించాను. అమ్మ నమ్మలేదు. సరే పదమని లేచింది. రాన్ఫ్ట్ నుంచి ఫ్లూయెలికి బాట ఎక్కుడే. ఆగుతూ ఆగుతూ ఎక్కినా ఇరవై నిమిషాల్లో పల్లెలో ఉన్నాం. ఆయన పెళ్ళయ్యాక కట్టిన చెక్క ఇల్లు అక్కడే ఉంది. నల్లబడ్డ దూలాలు, చిన్న కిటికీలు, తక్కువ ఎత్తు తలుపులు. లోపల నేల నడుస్తుంటే కిర్రుమంటుంది. పన్నెండుమంది ఇందులో ఎలా సర్దుకున్నారో ఊహించడం కష్టం. కింద క్లౌస్ గదిలో కంటే ఈ ఇంట్లోనే అమ్మ ఎక్కువసేపు నిలబడింది. వంట ఎక్కడ చేసేవాళ్ళని అడిగింది. కిటికీ దగ్గరికి వెళ్ళి లోయ ఎటువైపో చూసుకుంది.

బయటికొచ్చాక అంది: "హిమాలయాలకి పోతే పోయావ్, మర్చిపోవచ్చు. ఇంటి వెనకే కూర్చుని ఇంటికి రాకపోవడం... ఆయనకి ఎలా ఉండేదో గానీ, ఇక్కణ్ణుంచి పొయ్యి రాజేస్తూ రోజూ అటు చూసిన ఆవిడకి ఉండాలి బిరుదు."

క్లౌస్ పోయిన తేదీ అందరికీ తెలుసు, 1487 మార్చి 21. డొరొతేయా ఎప్పుడు పోయిందో నికరంగా తెలియదు. 1984లో పోప్ రెండో జాన్ పాల్ ఫ్లూయెలి వచ్చినప్పుడు ఆవిడ త్యాగాన్ని ప్రత్యేకంగా తలుచుకున్నాడు. అమ్మతో చెబితే "అప్పటిదాకా ఎవరికీ తట్టలేదా?" అంది. ఇప్పుడు ఇద్దరి పేర్లూ కలిపి చెప్పుకునే యాత్రికులు ఎక్కువయ్యారు. క్లౌస్ తొడుక్కున్న ముతక అంగీ సాక్సెల్న్ చర్చిలో భద్రంగా ఉంది. దాన్ని డొరొతేయాయే నేసి ఇచ్చిందని ఇక్కడ చెప్పుకుంటారు.

ఫ్లూయెలి నుంచి సాక్సెల్న్‌కి బస్సుంది. మేం నడిచే దిగాం. దిగుడు మెల్లగా ఉంటుంది, కింద సార్నెన్ సరస్సు కనిపిస్తూ ఉంటుంది, దారిలో క్లౌస్‌కి కలిగిన దర్శనాల మీద లోహపు శిల్పాలు నిలబెట్టారు. కొన్ని అర్థమయ్యాయి, కొన్ని కాలేదు. సాక్సెల్న్ చర్చిలో నల్ల పాలరాతి స్తంభాల మధ్య ఆయన సమాధి. అమ్మ రెండు దీపాలు వెలిగించింది. రెండోది ఎవరికని నేను అడగలేదు.

పెద్దవాళ్ళతో వెళ్ళాలనుకునేవాళ్ళకి నాలుగు మాటలు. మే నుంచి అక్టోబరు దాకా బాగుంటుంది. సెప్టెంబరు 25 ఆయన పండుగ, ఆ చుట్టుపక్కల రద్దీగా ఉంటుంది. పట్టున్న బూట్లు, చేతికర్రలు తప్పనిసరి, చీర అయితే కాస్త ఎత్తి కట్టాలి. నీళ్ళు మోయక్కర్లేదు, పల్లెల్లో చెక్క తొట్టెల్లోకి పారే నీళ్ళు తాగొచ్చు, తాగకూడనివైతే బోర్డు ఉంటుంది. అసలు నడవలేనివాళ్ళయితే సాక్సెల్న్ నుంచి ఫ్లూయెలికి బస్సులో వచ్చి, రాన్ఫ్ట్ వరకూ దిగి ఎక్కితే చాలు. ఆ ఎక్కుడు కూడా వద్దనుకుంటే ఇల్లు చూసి, పైనుంచి లోయ చూసి రావచ్చు. సాక్సెల్న్ స్టేషన్ నుంచి లూసర్న్‌కి రైళ్ళు తరచుగానే ఉంటాయి. రైలెక్కే ముందు స్టేషన్ దగ్గరి పసుపు బోర్డు మీద గీస్విల్ అని కనిపిస్తే అది ఇదే యాత్రికుల బాటలో తర్వాతి ఊరు. సరస్సు పక్కనే పోతుంది, దాదాపు చదును. అమ్మ అక్కడ నిలబడి గంటలూ నిమిషాలూ చదివి, ఒకటిన్నర రెట్లు చేసి, వచ్చే శనివారం నాకు వేరే పనేమైనా ఉందా అని అడిగింది.